‘ఉద్యోగం పోయింది’: కర్త లేని వాక్యానికి తార్నాక, ఉస్మానియా పరిసరాల చరిత్ర

వ్యాససంగ్రహం:
ఉద్యోగం ముగిసినప్పుడు దానిని ముగించినది ఎవరు అన్న ప్రశ్నకు తెలుగు క్రియాపదాలు వేర్వేరు సమాధానాలు చెబుతాయి. నోటీసు, విచారణ, పరిహారం, గ్రాట్యుటీ, వైద్యసేవ వంటి హక్కులు ఆ సమాధానం మీద ఆధారపడి ఉంటాయి. ఉస్మానియా విశ్వవిద్యాలయం, దానిని ఆనుకొని ఉన్న తార్నాకలతో సంబంధం గల కొన్ని ఘట్టాలను ఆధారం చేసుకొని, ముఖ్యంగా 1983 నాటి పదవీ విరమణ వయోపరిమితి తగ్గింపును, 2019 నాటి ఆర్టీసీ సమ్మెను తీసుకొని, ముగింపుకు కర్త ఎవరన్న వివాదం ఎలా నడిచిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ఉద్యోగ విరమణ, రాజీనామా, బర్తరఫ్, ఆర్టీసీ, తార్నాక, ఉస్మానియా, సమ్మె, కార్మిక చట్టం.

1. ప్రస్తావన

‘ఉద్యోగం పోయింది’ అన్నది తెలుగులో అతి సహజమైన వాక్యం. ఇందులో పోయినది ఉద్యోగం. పోగొట్టినవారు వాక్యంలో లేరు. ‘ఉద్యోగం ఊడింది’ అన్నా అంతే. పన్ను ఊడినట్టు, చెప్పు ఉంగటం ఊడినట్టు అది దానంతట అది జరిగిన సంగతిగా వినిపిస్తుంది. ‘ఊడగొట్టారు’ అన్నప్పుడు మాత్రమే ఒక చేయి కనిపిస్తుంది. ‘మానేశాడు’ అంటే నిర్ణయం పనిచేసేవాడిది. ‘మాన్పించారు’ అనగానే ప్రేరణార్థకం వచ్చి, మానినవాడి వెనుక మానమన్నవారు నిలబడతారు. ‘తీసేశారు’ అన్న మాటలో కర్త బహువచనంలో ఉంటాడు కాని పేరు ఉండదు.

ఆంగ్లం నుంచి వచ్చిన మాటల విషయంలో ఈ తేడా మరింత స్పష్టంగా తెలుస్తుంది. తెలుగు పరభాషా క్రియను నేరుగా తీసుకోదు. దాని పక్కన ‘అవు’, ‘చేయు’, ‘చేసుకొను’ అనే అనుబంధ క్రియల్లో ఒకదానిని నిలుపుతుంది. రిటైర్ అయ్యారు, రిటైర్ చేశారు. రిలీవ్ అయ్యారు, రిలీవ్ చేశారు. డిస్మిస్ అయ్యారు, డిస్మిస్ చేశారు, డిస్మిస్ చేసుకున్నారు. అరువు మాట ఒక్కటే అయినా బాధ్యత ఎవరిదన్నది ఆ చిన్న క్రియ తేలుస్తుంది. మన వ్యాకరణాలు దీనిని సకర్మక, అకర్మక, ఆత్మార్థక భేదాల కింద చర్చించి వదిలేస్తాయి. కార్మిక న్యాయస్థానంలో మాత్రం ఈ భేదమే వ్యాజ్యానికి మూలం. కార్మికుడు ‘మానేశాడు’ అని రుజువైతే అతనికి రావలసినది కొద్ది. ‘తీసేశారు’ అని రుజువైతే నోటీసు ఏది, విచారణ ఏది, పరిహారం ఏది అని న్యాయస్థానం అడుగుతుంది.

ఉద్యోగాల చరిత్రను నియామకాల వైపు నుంచి రాయడం మనకు అలవాటు. ముల్కీ నిబంధనలు, ఆరు సూత్రాల పథకం, 610 జీవో మీద గ్రంథాలున్నాయి. అవన్నీ ప్రధానంగా ఉద్యోగంలోకి ప్రవేశించే ద్వారాన్ని గురించినవి. బయటికి వెళ్లే ద్వారం మీద జరిగిన పని తక్కువ. ఆ లోటులో ఒక మూలను పూరించే ప్రయత్నం ఇది.

2. కొలువు మాటల వారసత్వం

తార్నాక పేరుకు స్థానికులు చెప్పే వ్యుత్పత్తి ఒకటుంది. తార్ అంటే తీగ, నాకా అంటే కావలి చౌకీ. తీగ కంచె వేసిన తోట దగ్గరి కాపలా చోటు కనుక తార్నాక అయిందని అంటారు. ఈ వ్యుత్పత్తి ఎంతవరకు నిలుస్తుందో కాని, ఈ ప్రాంతానికి అది బాగా అతికింది. ఒకవైపు విశ్వవిద్యాలయ ప్రాంగణం, మరొకవైపు లాలాగూడ రైల్వే వర్క్‌షాపు, మధ్యలో కేంద్ర పరిశోధన సంస్థలు, ఆర్టీసీ ఆసుపత్రి. ఉద్యోగులు లోపలికి వెళ్లే ద్వారాలు, బయటికి వచ్చే ద్వారాలు ఇంత దగ్గరదగ్గరగా ఉన్న చోటు నగరంలో అరుదు.

హైదరాబాదు సంస్థానంలో పరిపాలనా భాష మొదట పారసీకం, 19వ శతాబ్ది చివరినుంచి ఉర్దూ. అందుకే ఇక్కడి కొలువు ముగింపు మాటల్లో చాలా వరకు ఆ దారిన వచ్చినవే. ‘బర్తరఫ్’ అంటే పక్కకు పెట్టడం. పక్కకు పెట్టేది ప్రభువు కనుక ఈ మాట ఎక్కువగా ‘చేయు’తో వస్తుంది. విరమణ పొందిన వాడిని ఉర్దూలో ‘సుబుక్‌దోష్’ అంటారు. సుబుక్ అంటే తేలిక, దోష్ అంటే భుజం. బాధ్యత దిగి భుజం తేలికైనవాడు అని అర్థం. ఆ తరువాత అందే భృతి ‘వజీఫా’, దానిని పొందేవాడు ‘వజీఫాయాబ్’. తెలంగాణ పాత తరం ఇళ్లలో ఫించను కంటే వజీఫా అన్న మాటే ముందు వినిపించేది.

‘రాజీనామా’ ప్రయాణం వీటిలో విచిత్రమైనది. పారసీక మూలంలో అది సమ్మతి పత్రం. ఉర్దూలో ఇప్పటికీ రాజీనామా అంటే ఇరుపక్షాల ఒప్పుదల పత్రమే. ఉద్యోగం వదులుకోవడానికి వాళ్లు ‘ఇస్తీఫా’ అంటారు. మరాఠీ, కన్నడం, తమిళాల వలెనే తెలుగులోనూ రాజీనామా ఉద్యోగం వదులుకునే పత్రంగా స్థిరపడింది. అయినా పాత అర్థం పూర్తిగా చావలేదు. ‘రాజీ పడ్డారు’, ‘రాజీ కుదిరింది’ అన్న మాటల్లో అది బతికే ఉంది. రాజీనామా చేసిన ఉద్యోగి నిజంగా రాజీపడ్డాడా లేక రాజీపడేలా చేశారా అన్న ప్రశ్న ఆ పదం పుట్టుకలోనే ఉన్నట్టుంది.

సంస్కృతం వైపు నుంచి వచ్చిన ‘ఉద్వాసన’ మరొక రకం. పూజలో ఆవాహన చేసిన దైవాన్ని పూజాంతంలో సాగనంపే ఉపచారం అది. పత్రికా భాషలోకి వచ్చి ‘ఉద్వాసన పలికారు’ అయ్యేసరికి గౌరవం పోయి సాగనంపడం మాత్రం మిగిలింది. తొలగింపుకు ఇంత మర్యాదగల మాటను వాడుతున్నామని రాసేవారికి గుర్తుండదు; తొలగింపబడిన వారికీ గుర్తుండదు.

ఈ మాటలు నడిచిన కాలంలో ముగింపుకు కర్త ఎవరన్న వివాదం దాదాపు లేదు. కర్త ప్రభువే. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఉర్దూ పాఠ్యగ్రంథాలను సమకూర్చడానికి 1917లో ఏర్పడిన అనువాద సంస్థ దారుల్ తర్జుమాలో పనిచేసిన ప్రసిద్ధ ఉర్దూ కవి జోష్ మలీహాబాదీ, నిజామును విమర్శిస్తూ కవిత రాసినందుకు 1930వ దశకంలో సంస్థానం విడిచి వెళ్లవలసి వచ్చింది. ఆయనకు ఉద్యోగంతోపాటు ఊరు కూడా పోయింది. కొలువు, నివాసం రెండూ ఒకే అనుగ్రహం మీద నిలిచిన వ్యవస్థలో మొదటిది పోతే రెండవదానికి వేరే ఆధారం ఉండదు. 1948 తరువాత బోధనా మాధ్యమంగా ఉర్దూ తొలగి ఆంగ్లం వచ్చినప్పుడు దారుల్ తర్జుమాకే పని లేకుండాపోయింది. అక్కడ ఎవరూ ఎవరినీ పేరుపెట్టి బర్తరఫ్ చేయవలసిన అవసరం కలగలేదు. భాష మారితే కొలువు దానంతట అది ముగిసింది. ‘పోయింది’ అన్న అకర్మక క్రియ ఇంత కచ్చితంగా సరిపోయే సందర్భం మరొకటి దొరకదు.

3. ఫిబ్రవరి 28: రెండు సందర్భాలు

ఆంధ్రప్రదేశ్ ఉద్యోగ చరిత్రలో ఫిబ్రవరి 28 రెండుసార్లు గడువు తేదీ అయింది. యాదృచ్ఛికమే, కాని గమనించదగినది.

మొదటిది 1969. ఉస్మానియా ప్రాంగణం కేంద్రంగా తెలంగాణ ఉద్యమం రగులుతున్నప్పుడు, స్థానికులకు కేటాయించిన పోస్టుల్లో ఉన్న స్థానికేతరులను ఫిబ్రవరి 28 నాటికి రిలీవ్ చేయాలని ప్రభుత్వం జనవరి 21న 36వ జీవో ఇచ్చింది. ఇది ఉద్యోగం తీసివేయడం కాదని, చోటు మార్చడమేనని ప్రభుత్వ వివరణ. ‘రిలీవ్’ అన్న మాట అందుకు వీలిచ్చింది. ఒకచోట ముగింపు, మరొకచోట కొనసాగింపు, రెండూ ఆ మాటలో ఇమిడాయి. ఆ జీవోకు ఆధారమైన 1957 నాటి నివాసార్హత చట్టంలోని తెలంగాణ నిబంధనను సుప్రీంకోర్టు 1969 మార్చిలో కొట్టివేసింది. ఈ ఘట్టం తెలిసినవారికి కొత్తగా చెప్పవలసినది లేదు.

రెండవది 1983. ఇది అంతగా చర్చకు రాలేదు. 1979లో 55 నుంచి 58కి పెంచిన పదవీ విరమణ వయసును కొత్తగా వచ్చిన ఎన్.టి. రామారావు ప్రభుత్వం 1983 ఫిబ్రవరి 8న తిరిగి 55కు తగ్గించింది. 55 దాటి 58 నిండని వారందరూ ఆ నెల 28న ఇంటికి వెళ్లాలి. వారికి దొరికిన గడువు 20 రోజులు. యువతకు ఉద్యోగావకాశాలు కల్పించడం ప్రభుత్వం చెప్పిన కారణాల్లో ఒకటి. ఈ మార్పు వల్ల 18,000 మందికి పైగా ప్రభుత్వ ఉద్యోగులు, 10,000 మంది ప్రభుత్వరంగ సంస్థల ఉద్యోగులు విరమణ పొందినట్టు కె. నాగరాజ్ కేసు తీర్పులో నమోదైంది.

ఇక్కడ భాషాపరంగా జరిగినది ముఖ్యం. విరమణ అంటే ఆగడం, మానడం. ఉద్యోగి వయసు నిండి తనంతట తాను విరమిస్తాడన్నది పదవీ విరమణ అన్న సమాసం చెప్పే అర్థం. దానికి కర్త కాలం. వయసు హద్దును ఒక ప్రకటనతో జరిపినప్పుడు కాలం స్థానంలోకి ప్రభుత్వం వచ్చింది. ఆ ఏడాది విరమించిన వారి ఇళ్లలో ‘రిటైర్ అయ్యారు’ అన్న మాట ‘రిటైర్ చేశారు’గా మారిందంటే కారణం ఇదే. 55 ఏళ్ల గుమాస్తాకు ఫిబ్రవరి 7న ఉన్న మూడేళ్లు ఫిబ్రవరి 8న లేవు. పెళ్లి కావలసిన కూతురు, కట్టవలసిన ఇంటి అప్పు, చదువుతున్న కొడుకు, అన్నీ ఆ మూడేళ్ల లెక్కలో ఉన్నవే.

సుప్రీంకోర్టు 1985 జనవరి 18న నాగరాజ్ కేసులో తగ్గింపును సమర్థించింది. వయోపరిమితి నిర్ణయం ప్రభుత్వ విధానానికి సంబంధించినదని, 55 అసమంజసం కాదని తేల్చింది. అంతకుముందే, 1984 ఆగస్టు రాజకీయ సంక్షోభంలో, వయసు మళ్లీ 58 అయింది. కాని ఆ పునరుద్ధరణ 1984 ఆగస్టు 23 నుంచే అమలు. మధ్యలో, అంటే 1983 ఫిబ్రవరి 28కీ 1984 ఆగస్టు 23కీ నడుమ 55 ఏళ్లకే వెళ్లిపోయిన వారి సంగతేమిటి? బి. ప్రభాకరరావు కేసులో ఇదే ప్రశ్న వచ్చింది. తగ్గింపు పొరపాటని ప్రభుత్వమే ఒప్పుకొని సరిదిద్దినప్పుడు, ఆ పొరపాటు వల్ల నష్టపోయిన వారినే దిద్దుబాటు నుంచి మినహాయించడం చెల్లదని 1985 ఆగస్టులో న్యాయస్థానం తీర్పు చెప్పింది. 58 నిండని వారు తిరిగి ఉద్యోగంలోకి రావడానికి దారి ఏర్పడింది. ‘రిటైర్’ అన్న మాటను వెనక్కి తీసుకోవచ్చని ఆ తీర్పు చూపింది. ముగింపు కాలం చేతిలో ఉంటే అది సాధ్యపడేది కాదు. మనుషులు చేసినది కనుకనే మనుషులు సరిదిద్దగలిగారు.

4. న్యాయస్థానం చేసిన పద విచారణ

2019కి వెళ్లేముందు చట్టం గురించి కొంత చెప్పాలి. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో రిట్రెంచ్‌మెంటుకు నిర్వచనం ఉండేది. క్రమశిక్షణ చర్యగా కాక, మరే కారణం చేతనైనా యజమాని ఉద్యోగాన్ని ముగించడం రిట్రెంచ్‌మెంటు అవుతుంది. స్వచ్ఛందంగా వెళ్లడం, వయసు నిండి విరమించడం అందులోకి రావు. రిట్రెంచ్‌మెంటు అయితే, ఏడాదిపాటు నిరంతరాయంగా పనిచేసిన వారికి నెల రోజుల నోటీసు లేదా దాని బదులు వేతనం, పూర్తి చేసిన ప్రతి సంవత్సరానికి 15 రోజుల సగటు వేతనం ఇవ్వాలి.

తొమ్మిది రోజుల కోసం నియమించిన ఒక బ్యాంకు క్యాషియర్ కేసులో 1976లో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ఈ నిర్వచనంలోని ముగింపు అన్న మాటను సాహిత్య విమర్శకుడి వలె విడదీసి చూశారు. ముగించడం అనే చర్య ఒకటి, ముగియడం అనే వాస్తవం ఒకటి. చట్టం రెండింటినీ పట్టించుకుంటుందన్నది ఆయన నిర్ణయ సారం. నియామక పత్రంలోనే గడువు రాసి, అది రాగానే ‘నేనేమీ చేయలేదు, దానంతట అది ముగిసింది’ అని యజమాని తప్పుకోలేడు. మన మాటల్లో చెప్పాలంటే, అకర్మక క్రియ చాటున కర్త దాక్కోవడానికి వీల్లేదు. అయితే 1984లో పార్లమెంటు చట్టాన్ని సవరించి, ఒప్పంద గడువు తీరిపోవడాన్ని రిట్రెంచ్‌మెంటు పరిధి నుంచి తప్పించింది. 2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్ కూడా నిర్ణీత కాల ఉద్యోగం విషయంలో ఇదే మార్గాన్ని పట్టింది. న్యాయమూర్తి వెలికితీసిన కర్తను శాసనం మళ్లీ చాటుకు పంపింది.

మరో రెండు తీర్పులు కూడా అవసరమే. సమ్మెలో ఉన్న కార్మికులు పనికి రాకపోవడాన్ని ఉద్యోగాన్ని వదిలివేయడంగా భావించరాదని 1979లో జి.టి. లాడ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. వదిలివేయడానికి ఉద్దేశం ఉండాలి. సమ్మె చేసేవాడి ఉద్దేశం ఉద్యోగాన్ని మరింత మెరుగైన షరతులతో నిలుపుకోవడం. ఎనిమిది రోజులకు మించి గైర్హాజరైతే ఉద్యోగం దానంతట అదే రద్దవుతుందన్న స్టాండింగ్ ఆర్డరు ఉన్నా, కార్మికుడి వాదన వినకుండా తొలగించరాదని 1993లో డి.కె. యాదవ్ కేసులో తేల్చింది.

5. తార్నాక ఆసుపత్రి

1932 జూన్‌లో నిజాం రాష్ట్ర రైల్వేలో ఒక విభాగంగా 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో మొదలైన రోడ్డు రవాణా సంస్థ, 1951లో హైదరాబాదు రాష్ట్ర ప్రభుత్వ విభాగమైంది. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ అన్న కార్పొరేషనుగా మారింది. ఈ చివరి మార్పు ప్రయాణికులకు పెద్దగా తెలియదు. ఉద్యోగులకు మాత్రం అది నిర్ణాయకం. ప్రభుత్వ ఉద్యోగికి వజీఫా ఉంటుంది. కార్పొరేషను ఉద్యోగికి భవిష్యనిధి, గ్రాట్యుటీ, 1995 పథకం కింద వచ్చే చిన్న ఫించను ఉంటాయి. ఆ పథకం కింద కనీస ఫించను 2014 నుంచి నెలకు 1,000 రూపాయలు. ముప్పై ఏళ్లు బస్సు నడిపి దిగిన డ్రైవరుకు డబ్బుకంటే ఎక్కువ విలువైనది బహుశా తార్నాక ఆసుపత్రిలో వైద్యం. తెలంగాణ జిల్లాల నుంచి విశ్రాంత కండక్టర్లు, డ్రైవర్లు మందుల కోసం ఇక్కడికి రావడం ఈ దారిలో నడిచే ఎవరికైనా పరిచితమైన దృశ్యం.

అదే ఆసుపత్రికి మరొక ముఖం ఉంది. డ్రైవరు వైద్యపరంగా పనికి తగునా తగడా అన్న పరీక్షలు కూడా వైద్య విభాగం పరిధిలోనివే. ఆర్టీసీ ఉద్యోగుల భాషలో ‘అన్‌ఫిట్’ అన్నది ఒక విశేష్యం. ‘అన్‌ఫిట్ అయ్యాడు’ అంటారు. ఎవరు చేశారన్నది వాక్యంలో ఉండదు. కన్ను చేసింది, చక్కెర వ్యాధి చేసింది, నడుము చేసింది. వర్ణాంధత్వం ఉందని తేలిన డ్రైవర్ల విషయంలో ఇది మరీ విషాదం. మనిషి నిన్నటివరకు ఆ కళ్లతోనే బస్సు నడిపాడు. ఉద్యోగ సంఘాలు, యాజమాన్యం 1979లో చేసుకున్న ఒప్పందంలో వర్ణాంధత్వం గల డ్రైవర్లకు ప్రత్యామ్నాయ ఉద్యోగం ఇవ్వాలన్న నిబంధన ఉంది. అయినా ప్రత్యామ్నాయం చూపకుండా విరమణ ఇచ్చిన ఒక తెలంగాణ డ్రైవరు వ్యాజ్యం 2025 ఆగస్టులో సుప్రీంకోర్టులో ముగిసింది. వేరే పని చూపడానికి నిజమైన ప్రయత్నం చేయకుండా వైద్య కారణం పేరుతో సాగనంపడం చెల్లదని, తగిన పోస్టులో నియమించాలని న్యాయస్థానం ఆదేశించింది. కన్ను కర్త కాదు, వేరే పోస్టు వెతకని యాజమాన్యం కర్త అని ఆ తీర్పును చదువుకోవచ్చు.

ఆర్టీసీలో క్రమశిక్షణ చర్యలకు 1967 నాటి నియమావళి ఉంది. ‘రిమూవల్’, ‘డిస్మిసల్’ వేర్వేరు శిక్షలు. సాధారణ సేవా న్యాయంలో మొదటిది మళ్లీ ఉద్యోగం పొందడానికి అడ్డు కాదు, రెండవది అడ్డవుతుంది. టికెట్టు డబ్బుల్లో తేడా వచ్చిన కండక్టరుకు కూడా అభియోగ పత్రం, విచారణాధికారి, వివరణ, అప్పీలు ఉంటాయి. రెండు రూపాయల టికెట్టు మీద రెండేళ్లు నడిచిన విచారణల గురించి డిపోల్లో కథలు చెప్పుకుంటారు. అతిశయోక్తి ఉండవచ్చు. కాని ఈ పద్ధతి గుర్తుంచుకుంటేనే 2019లో జరిగినదాని తీవ్రత తెలుస్తుంది.

6. ‘సెల్ఫ్ డిస్మిస్’

2019 అక్టోబరు 5న తెలంగాణ ఆర్టీసీ కార్మికులు ప్రభుత్వంలో విలీనం ప్రధాన డిమాండుగా సమ్మెకు దిగారు. ఆ సాయంత్రం ఆరు గంటలలోగా విధుల్లో చేరాలని ప్రభుత్వం గడువు పెట్టింది. మర్నాడు ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు, గడువులోగా చేరనివారిని తిరిగి తీసుకొనే ప్రశ్న లేదని, సంస్థలో ఇక మిగిలినది 1,200 మంది లోపేనని ప్రకటించారు. దాదాపు 48,000 మంది తమను తామే తొలగించుకున్నారన్నది ప్రభుత్వ వాదన. ‘సెల్ఫ్ డిస్మిస్’ అన్న మాట అప్పుడే తెలుగు పత్రికల్లోకీ టీవీల్లోకీ వచ్చింది.

ఈ మాట నిర్మాణం పరిశీలించదగినది. డిస్మిస్ అన్నది ఆంగ్లంలో పూర్తిగా సకర్మకం. ఒకరు మరొకరిని చేసేది. దాని ముందు సెల్ఫ్ చేర్చి కర్తనూ కర్మనూ ఒకే మనిషిలో కలిపారు. ఏ నియమావళిలోనూ లేని ఈ పదం శిక్ష ఫలితాన్ని ఉంచి, శిక్ష విధించేవారిని తొలగించింది. అభియోగ పత్రం అక్కరలేదు, ఎందుకంటే యాజమాన్యం ఏమీ చేయలేదు. అప్పీలు ఎవరి మీద చేయాలి? తన మీద తానా? రాజీనామా అనడానికి వీల్లేదు, రాసి ఇచ్చిన కాగితం లేదు. బర్తరఫ్ అనడానికి వీల్లేదు, విచారణ జరగలేదు. తెలుగులో తర్జుమా చేయబోతే దాని అసహజత బయటపడుతుంది కనుక అది ఆంగ్లంలోనే ఉండిపోయిందని నా అభిప్రాయం. ‘తమను తాము బర్తరఫ్ చేసుకున్నారు’ అని రాసి చదివితే నవ్వు వస్తుంది.

నవ్వే పరిస్థితి మాత్రం కాదు. సెప్టెంబరు నెలంతా పనిచేసినందుకు రావలసిన వేతనం ఆ ఇళ్లకు రాలేదు. హైకోర్టు చెల్లించమన్నప్పుడు నిధులు లేవన్నారు. చేసిన పనికి వేతనం ఉద్యోగం ఉందా లేదా అన్న వివాదంతో నిమిత్తం లేనిది. పండుగ ఆ మధ్యనే వచ్చి వెళ్లింది. ఖమ్మంలో ఒక డ్రైవరు ఒంటికి నిప్పంటించుకొని మరణించాడు. సమ్మె కాలంలో ఇంకా పలువురు కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. విశ్వవిద్యాలయ విద్యార్థి సంఘాలు సమ్మెకు మద్దతుగా వచ్చాయి. 2011లో 42 రోజుల సకల జనుల సమ్మెలో ఆర్టీసీ కార్మికులు, ఉస్మానియా విద్యార్థులు ఒకే పక్షాన నిలిచినవారే కనుక అది సహజం. నాడు బస్సులు ఆపినవారు రాష్ట్ర సాధకులు. ఎనిమిదేళ్ల తరువాత బస్సులు ఆపినవారు తమను తాము తొలగించుకున్నవారు. సమ్మె అన్న మాటకు రెండుసార్లూ అర్థం ఒకటే.

హైకోర్టులో ప్రధాన న్యాయమూర్తి ఆర్.ఎస్. చౌహాన్ నేతృత్వంలోని ధర్మాసనం వారాల తరబడి వాదనలు విన్నది. సమ్మె చట్టవిరుద్ధమని తేల్చే అధికారం తనకు లేదని, అది కార్మిక న్యాయస్థానం పని అని చెప్పింది. సుప్రీంకోర్టు విశ్రాంత న్యాయమూర్తుల కమిటీ వేద్దామన్న ధర్మాసనం సూచనకు ప్రభుత్వం అంగీకరించలేదు. నవంబరు 5 అర్ధరాత్రి వరకు మరొక గడువు వచ్చింది. ఇక్కడ తర్కం తడబడింది. తమను తాము తొలగించుకున్నవారికి విధుల్లో చేరే గడువు ఎలా ఇస్తారు? గడువు ఇవ్వడమే వారు ఇంకా ఉద్యోగులని ఒప్పుకోవడం. నవంబరు 25న కార్మిక సంఘాల ఐక్య కార్యాచరణ సమితి సమ్మె విరమించి, మర్నాడు డిపోలకు వెళ్లమంది. వెళ్లినవారిని లోనికి రానివ్వలేదు. ఇష్టం వచ్చినప్పుడు వెళ్లి, ఇష్టం వచ్చినప్పుడు రావడం కుదరదన్నది యాజమాన్యం మాట. గేటు అవతల పోలీసులు, ఇవతల ఖాకీ బట్టల్లో కన్నీళ్లు పెట్టుకున్న కండక్టర్లు. ఆ రోజు దృశ్యాలు చాలామందికి గుర్తుండి ఉంటాయి.

నవంబరు 28న ముఖ్యమంత్రి అందరినీ మర్నాటి నుంచి విధుల్లో చేరమన్నారు. డిసెంబరు 1న కార్మికులతో సమావేశమై, సమ్మె కాలానికి వేతనం ఇస్తామని, పదవీ విరమణ వయసును 60కి పెంచుతామని ప్రకటించారు. అక్టోబరు 6న ఉద్యోగులే కాని వారి ఉద్యోగం డిసెంబరులో రెండేళ్లు పెరిగింది. దీనిని ఔదార్యంగా చూసినవారున్నారు. నాకు మాత్రం ఇందులో పాత కొలువు వ్యవస్థ తిరిగి కనిపిస్తుంది. తీసేయడం హక్కుల భాషలో జరగలేదు, తిరిగి తీసుకోవడమూ హక్కుల భాషలో జరగలేదు. రెండూ ప్రకటనలే. ‘సెల్ఫ్ డిస్మిస్’ చెల్లుతుందా లేదా అన్న ప్రశ్నకు అంతిమ తీర్పు వచ్చే అవసరమే లేకుండాపోయింది. జి.టి. లాడ్ తీర్పు వెలుగులో అది చెల్లేది కాదని వాదించవచ్చు, కాని ఆ వాదన నిగ్గు తేలలేదు.

పొరుగున ఆంధ్రప్రదేశ్‌లో 2020 జనవరి 1 నుంచి ఆర్టీసీ ఉద్యోగులు ప్రభుత్వ ఉద్యోగులయ్యారు. తెలంగాణలో విలీన బిల్లును 2023 ఆగస్టులో శాసనసభ ఆమోదించగా, సెప్టెంబరులో గవర్నరు సమ్మతి లభించింది. 1951లో ప్రభుత్వ విభాగం, 1958లో కార్పొరేషను, మళ్లీ ప్రభుత్వం వైపు. సమ్మె నాటి డిమాండుకు ఏడు దశాబ్దాల నాటి జ్ఞాపకం వెనుక ఉంది.

7. ప్రాంగణంలో, కాలనీలో

2019 సమ్మెలో కనీసం ఒక గేటు ఉంది, దాని ముందు నిలబడే వీలుంది. ఇప్పుడు ఉద్యోగాలు ముగిసే తీరులో గేటు కూడా కనిపించదు. విశ్వవిద్యాలయాల్లో, కళాశాలల్లో ఒప్పందం మీద, గంటల లెక్కన పాఠాలు చెప్పేవారి ఉద్యోగం విద్యా సంవత్సరంతో ముగుస్తుంది. దానిని ముగింపు అనరు, ‘రెన్యువల్ రాలేదు’ అంటారు. ఈ వ్యాసకర్త ఒక కళాశాలలో పనిచేసిన తొలి రోజుల్లో ఏప్రిల్ చివరి వారం ఎవరూ ఎవరినీ ఏమీ అడిగేవారు కారు. జూన్‌లో ఫోను వస్తే ఉద్యోగం ఉన్నట్టు, రాకపోతే లేనట్టు. రాని ఫోనుకు కర్త ఎవరు? 1984 సవరణ అంటే ఏమిటో ఆ రోజుల్లో తెలియదు. దాని కిందే మేమందరం బతికామని తరువాత తెలిసింది.

తార్నాక, హబ్సిగూడ కాలనీల నుంచి రోజూ మాదాపూర్‌కు వెళ్లివచ్చే ఐటీ ఉద్యోగుల మాటల్లో మరొక మార్పు ఉంది. వాళ్లు ‘పేపర్స్ పెట్టాను’ అంటారు. రాజీనామా అన్న మాట ఇంచుమించు పోయింది. 2017లో హైదరాబాదులో పలువురు ఐటీ ఉద్యోగులు తమచేత బలవంతంగా రాజీనామాలు చేయిస్తున్నారని కార్మిక శాఖను ఆశ్రయించారు. పనితీరు బాగాలేదని తొలగిస్తే రికార్డు చెడుతుంది, నీవే రాజీనామా చేస్తే రిలీవింగ్ లెటర్ ఇస్తాం అన్నది ఆ బేరం. ఇక్కడ రాజీనామా తన పారసీక మూలార్థానికి తిరిగి వచ్చింది. అది నిజంగానే ఒక రాజీ పత్రం. రిలీవింగ్ లెటర్ లేకపోతే తరువాతి ఉద్యోగం రాదు కనుక సంతకం పెడతారు. 1969లో ప్రభుత్వ ఉత్తర్వులో మెలిక పడ్డ ‘రిలీవ్’ అన్న మాటే యాభై ఏళ్లకు ఉద్యోగి చేతిలో బతుకు పత్రమైంది.

భవిష్యనిధి ఖాతాల్లో సభ్యుడు ఎప్పుడు ఉద్యోగం విడిచాడో, ఎందుకు విడిచాడో యజమాని నమోదు చేయాలి. చేయని యజమానులు ఎక్కువ. ఆ తేదీ లేనిదే దాచుకున్న సొమ్ము చేతికి రాదు. 2020 జనవరి నుంచి భవిష్యనిధి సంస్థ ఆ తేదీని సభ్యుడే వెబ్‌సైటులో నమోదు చేసుకునే వీలు కల్పించింది. చివరి చందా పడిన తరువాత రెండు నెలలు ఆగి, ఎదురుగా కనిపించే కారణాల జాబితాలో ఒకదానిని ఎంచుకొని, ఫోనుకు వచ్చిన సంఖ్యను టైపు చేయాలి. విశ్వవిద్యాలయం ఎదుటి జిరాక్సు దుకాణాల్లో ఈ పనికి మనుషులు వస్తుంటారు. కారణం దగ్గర ఏది నొక్కాలని దుకాణం కుర్రవాడిని అడుగుతారు.